ఇంప్లాంటు పన్ను: ఎముక అంచున ఒక మిల్లీమీటరు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను ఇబ్రహీంపట్నం పెద్దచెరువు గురించో, జాగీర్ల రద్దు గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ పని నాకంటె బాగా చేయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను మన నోట్లోని చరిత్ర ఒకటి వ్రాయదలిచాను. మన నెలవారీ సమావేశాలలో డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా వినవచ్చే మాట ఈమధ్య "ఇంప్లాంటు" అయింది. పన్ను అనగానే ఆదాయపు పన్ను గుర్తుకు వచ్చే కాలం పోయి, దవడ పన్ను గుర్తుకు వచ్చే వయసుకు చేరాము. ఒకరు దవడ చూపించి ధర చెబుతారు. పక్కన ఉన్నవారు "నాకూ వేశారు గాని చుట్టూ ఎముక కరిగిపోతున్నదట" అంటారు. ఆ రెండవ మాట గురించే ఈ వ్యాసం. ఎముక ఎందుకు కరుగుతుంది, అందులో మన నోటి శుభ్రత పాలు ఎంత, ఆ వస్తువును తయారు చేసిన తీరు పాలు ఎంత అనే ప్రశ్నకు వైద్యలోకం సుమారు అరవై ఏళ్ళుగా జవాబు వెదుకుతున్నది.

నేను వైద్యుణ్ణి కాను. జీవితమంతా ఫైళ్ళు, సర్వీసు రిజిస్టర్లు చూసినవాణ్ణి. మా పెద్ద మనుమరాలు దంతవైద్యం చదివింది. ఆమె పుస్తకాలు, పత్రికలు ఇంట్లో ఉన్నందువల్ల, చదివే తీరిక నాకు ఉన్నందువల్ల, తెలియనిచోట ఆ పిల్లను అడిగే వీలు ఉన్నందువల్ల ఈ సాహసం చేస్తున్నాను.

ముందుగా వస్తువు ఏమిటో చెప్పుకోవాలి. ఇంప్లాంటు అంటే నిజానికి పన్ను కాదు, పంటి వేరు. పోయిన పంటి స్థానంలో దవడ ఎముకలోకి బిగించే టైటానియం మరమేకు అది. దాని మీద, చిగురు గుండా పైకి వచ్చే చిన్న స్తంభం ఉంటుంది. దానిని అబట్‌మెంటు అంటారు. స్తంభాన్ని వేరుకు పట్టి ఉంచేది లోపల ఉండే ఒక సన్నని స్క్రూ. అన్నిటికంటె పైన తొడుగు, అంటే అద్దంలో మనకు కనిపించే పన్ను. ఇందులో వేరుకూ స్తంభానికీ మధ్యనున్న అతుకు ఉన్నదే, అదే ఈ కథలో ముఖ్యపాత్ర. ఆ అతుకు చాలా వాటిలో సరిగ్గా ఎముక అంచు దగ్గరకు వస్తుంది.

ఇది నాకు మొదట అర్థం కాలేదు. మనుమరాలు అన్నది: "తాతా, మన కొట్టంల గుంజ ఎక్కడ చెడిపోతది? మీద చెడిపోదు, అడుగున చెడిపోదు. నేల మట్టం కాడనే గద!" నిజమే. బొంగులూరులో మా కొట్టానికి పాతిన గుంజలు ఎప్పుడు పీకి చూసినా పైభాగం గట్టిగానే ఉండేది, భూమిలో దిగిన కొస కూడా గట్టిగానే ఉండేది. మట్టీ, గాలీ, తడీ మూడూ కలిసే ఆ బెత్తెడు మేరనే పుచ్చిపోయేది. ఇంప్లాంటు చుట్టూ ఎముక కూడా మొదట మెడ దగ్గరనే తగ్గుతుంది.

లోహాన్నో మరొక వస్తువునో దవడలో నాటే ప్రయత్నం కొత్తది కాదు. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో 1931లో దొరికిన ఒక పురాతన మాయా దవడలో, కింది ముందుపళ్ళ స్థానంలో గవ్వ ముక్కలు పళ్ళ ఆకారంలో చెక్కి పెట్టి ఉన్నాయి. క్రీ.శ. 600 ప్రాంతానిదని అంచనా. 1970లో దానికి ఎక్స్‌రే తీసి చూస్తే, రెండు ముక్కల చుట్టూ ఎముక గట్టిగా పెరిగి ఉన్నది. అంటే చనిపోయిన తరువాత అలంకారానికి పెట్టినవి కావు, బ్రతికి ఉండగా నాటినవి! 1913లో అమెరికాలో గ్రీన్‌ఫీల్డ్ అనే దంతవైద్యుడు ఇరిడియం కలిపిన ప్లాటినం తీగతో పంజరం వంటి వేరును తయారు చేసి, దవడలో గుండ్రని గాడి తొలిచి అందులో దించడం వివరించాడు. 1930ల చివర బోస్టన్‌లో స్ట్రాక్ సోదరులు వైటాలియం అనే కోబాల్టు మిశ్రమంతో మరమేకులు నాటారు. 1940లలో ఎముక మీద జీను వలె కూర్చునే చట్రాలు వచ్చాయి. 1960ల చివర న్యూయార్కులో లింకో అనే వైద్యుడు పలుచని రేకుల ఇంప్లాంట్లను ప్రచారంలోకి తెచ్చాడు.

వీటిలో కొన్ని చాలాకాలం నిలిచాయి, ఎక్కువ వాటి చుట్టూ ఎముకకు బదులు మెత్తని పీచు కండ పెరిగింది. దానిని సహజదంతానికి ఉండే బంధనం వంటిదే అని కొందరు సమర్థించుకున్నారు. కాని ఆ పీచు సందులోంచి సూక్ష్మజీవులు దిగేవి, వేరు కదిలేది, కదిలినకొద్దీ ఎముక తరిగేది. ఇవి ఊడినప్పుడు తాము నిలిచిన చోట గుంట చేసి మరీ ఊడేవి.

అప్పటి కొలతలు ఎలా ఉండేవో చూడండి. 1978లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, హార్వర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఒక సదస్సు జరిపి, ఇంప్లాంటును "సఫలం" అనడానికి నిబంధనలు వ్రాశాయి. ఏ దిక్కుకైనా ఒక మిల్లీమీటరు కన్న తక్కువ కదిలితే ఫరవాలేదు. వేరు నిలువెత్తులో మూడవ వంతు మించకుండా ఎముక పోతే ఫరవాలేదు. నూటికి 75 అయిదేళ్ళు పనిచేస్తే చాలు. మన కార్యాలయాలలో నిబంధనలు ఎలా వ్రాస్తారో తెలిసినవాడిగా నాకు దీనిలో వింత కనిపించలేదు. ఉన్న పరిస్థితిని చూసి గీత గీస్తారు. ఎనిమిదేళ్ళ తరువాత అదే గీత ఎక్కడికి జరిగిందో ముందు చెబుతాను.

ఆ గీతను జరిపినవాడు స్వీడన్ దేశస్థుడు పెర్ ఇంగ్‌వర్ బ్రోనెమార్క్ (1929–2014). దంతవైద్యుడు కాడు. 1952లో లుండ్ నగరంలో, ఎముక మజ్జలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరిశీలన గదిని అమర్చాడు. పని అయిన తరువాత ఖరీదైన ఆ పరికరాన్ని తీసి మళ్ళీ వాడుకోవాలని చూస్తే రాలేదు. ఎముక దానిని పట్టుకుని ఒకటైపోయింది. టైటానియంను ఎముక సహిస్తుందని 1940లోనే పిల్లుల మీద చేసిన ఒక పరిశోధన వ్రాసింది, 1951లో లెవెంతాల్ అనే శస్త్రవైద్యుడూ వ్రాశాడు. అయితే సహించడం వేరు, కలుపుకోవడం వేరు. బ్రోనెమార్క్ ఆ రెండవదానికి "ఆసియో ఇంటిగ్రేషన్" అని పేరు పెట్టాడు. ఎముకలో ఏకీభావం అనుకోవచ్చు.

1965లో గోటెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపంతో ఉండి కింది పళ్ళు లేని ఒకాయనకు నాలుగు టైటానియం వేర్లు నాటారు. ఆయన 2006లో మరణించేవరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. కాని మధ్యలో పదిహేనేళ్ళు బ్రోనెమార్క్ బృందాన్ని స్వదేశంలోనే చాలామంది దంతవైద్యులు నమ్మలేదు. 1981లో వారు పదిహేనేళ్ళ లెక్క ప్రచురించారు: 371 మంది రోగులు, 2,768 వేర్లు. 1982లో టొరంటోలో జార్జి జార్బ్ ఏర్పాటు చేసిన సదస్సులో ఈ లెక్కలు చూసిన తరువాతనే అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాలు తలుపు తెరిచాయి.

ఆ 1981 లెక్కలోనే మన కథకు కావలసిన అంకె ఉన్నది. వేరు నాటిన దగ్గరనుంచి, పళ్ళు బిగించిన మొదటి సంవత్సరం ముగిసే సరికి, ఎముక అంచు సగటున 1.5 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఆ తరువాత ఏడాదికి 0.1 మిల్లీమీటరు మాత్రమే. 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్, జార్బ్ మొదలైన నలుగురు సఫలతకు కొత్త గీత గీశారు: మొదటి ఏడాది తరువాత ఏడాదికి 0.2 మిల్లీమీటరు కన్న తక్కువ తరగాలి, వేరు అసలు కదలరాదు. మూడవ వంతు పోయినా ఫరవాలేదన్న 1978 గీత నుంచి ఇక్కడికి!

అయితే ఆ మొదటి ఏడాది ఒకటిన్నర మిల్లీమీటరును మాత్రం అందరూ మామూలు ఖర్చుగా వ్రాసేసుకున్నారు. ఎక్స్‌రేలో ఎముక సరిగ్గా మొదటి మర దగ్గరకు వచ్చి ఆగేది. అలా ఆగడమే మంచి లక్షణమని విద్యార్థులకు బోధించారు. చాలా ఏళ్ళపాటు ఎవరూ "ఆ ఒకటిన్నర మాత్రం ఎందుకు పోవాలి?" అని గట్టిగా అడగలేదు. పది మిల్లీమీటర్ల వేరుకు ఒకటిన్నర పోతే ఏమి అనిపించవచ్చు. కాని ముందుపంటి దగ్గర ఎముక దిగితే దాని వెంట చిగురూ దిగుతుంది, లోహం కనబడుతుంది. దవడ పంటి దగ్గర దిగితే అక్కడ లోతైన సందు ఏర్పడి బ్రష్షు అందదు. పోయిన ఎముక మళ్ళీ తనంతట రాదు.

ఇప్పుడు అతుకు సంగతికి వద్దాము. బ్రోనెమార్క్ వేరు నెత్తిన 0.7 మిల్లీమీటరు ఎత్తున ఆరు పలకల మొలక ఒకటి ఉండేది. అది అసలు పన్ను పట్టి ఉంచడానికి పెట్టినది కాదు. వేరును ఎముకలోకి తిప్పి దించడానికి, పానాకు పట్టు దొరకడానికి పెట్టినది. మొదట్లో అయిదారు వేర్ల మీద ఒకే వంతెన బిగించేవారు గనుక ఎవరూ ఎటూ తిరిగేది లేదు. తరువాత ఒంటి పంటికి ఒంటి వేరు నాటడం మొదలైంది. అప్పుడు ఆ పొట్టి మొలకే పన్ను తిరగకుండా ఆపవలసి వచ్చింది. ఒక పనికి నియమించిన గుమాస్తాకు మరొక సీటు అదనపు బాధ్యతగా అప్పగించినట్టయింది. పక్కనుంచి నమిలే బలం పడినప్పుడల్లా అతుకు సన్నగా తెరుచుకునేది, స్క్రూ వదులయ్యేది. తొలినాళ్ళలో ఒంటి పళ్ళలో ఇది తరచు వినబడిన ఫిర్యాదు.

ఇదే కాలంలో స్విట్జర్లాండులో మరొక దారి నడిచింది. వాల్డెన్‌బర్గ్ అనే చిన్న ఊరిలో 1954లో రైన్‌హార్డ్ స్ట్రౌమన్ ఒక పరిశోధనశాల స్థాపించాడు. ఆయన ప్రసిద్ధి గడియారపు స్ప్రింగుల లోహాలలో! ఆ సంస్థవారు, బెర్న్ విశ్వవిద్యాలయపు ఆంద్రే ష్రోడర్ కలిసి తయారు చేసిన ఇంప్లాంటులో నునుపైన మెడ భాగం చిగురు గుండా పైకి వస్తుంది. అతుకు ఎముక అంచు దగ్గర కాకుండా, దానికి కొన్ని మిల్లీమీటర్ల పైన, చిగురు మట్టంలో ఉంటుంది. గుంజకు నేల మట్టం దగ్గర అతుకు లేకుండా రాతి దిమ్మెను పైకి లేపి, దాని మీద కర్ర నిలబెట్టినట్లు. చాలా ఇళ్ళలో పాత దూలాల స్తంభాలను అలాగే నిలబెట్టేవారు. స్వీడన్‌వారు వేరును చిగురు కింద పూడ్చి, కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగి, మళ్ళీ కోసి తెరిచేవారు. స్విస్‌వారు ఒకేసారి పని ముగించేవారు. ఎవరిది సరి అని చాలాకాలం వాదులాట నడిచింది. ఆ వాదులాట నుంచే అసలు ప్రశ్న పుట్టింది.

1990లలో ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చారు. 1993లో బెల్జియంలో క్విరినెన్, వాన్ స్టీన్‌బర్గ్ ఇంప్లాంటు లోపలి ఖాళీలలో సూక్ష్మజీవులు నివాసం ఉంటున్నాయని చూపించారు. 1995లో స్వీడన్‌లో ఎరిక్సన్ బృందం, అతుకు ఎదురుగా చిగురు కండలో శోథ కణాలు గుమిగూడి ఉంటాయని చూపించింది. 1996లో బెర్గ్‌లుంద్, లిందే మరొకటి చూపించారు. ఇంప్లాంటు చుట్టూ చిగురు తనకు కొంత మందం కావాలని పట్టుబడుతుంది. ఆ మందాన్ని కోసి పలుచన చేస్తే, ఎముకను కరిగించి అయినా సరే తన వాటా సంపాదించుకుంటుంది. ఇక్కడ సహజమైన పంటికీ దీనికీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన పంటి వేరుకు చిగురు పీచులు మేకులు దిగినట్లు అడ్డంగా గుచ్చుకుని ఉంటాయి. టైటానియంకు అవి గుచ్చుకోలేవు, పక్కన చుట్టుకుని ఉంటాయి. గుచ్చుకున్న తాడుకూ చుట్టిన తాడుకూ ఉన్న తేడా ఎంతో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె నాకు నచ్చిన పరిశోధన హెర్మన్, కోక్రన్, బూజర్ మొదలైనవారిది. 1997లో వారు కుక్కల దవడలలో అతుకును వేర్వేరు ఎత్తులలో పెట్టి చూశారు. అతుకు ఎక్కడ ఉంటే, ఎముక అంచు దానికి సుమారు రెండు మిల్లీమీటర్ల కిందికి దిగి నిలిచింది. అతుకును కిందికి జరిపితే ఎముకా కిందికి జరిగింది. నేరస్థుని నీడ ఎక్కడ ఉంటే అక్కడ జనం తప్పుకున్నట్లు! 2001లో ఇంకొక ప్రశ్న వేశారు. ఎముకను తరిమేది ఆ సందు వెడల్పా, లేక అక్కడి కదలికా? సందును 10 మైక్రాన్లకు లోపు, 50, 100 మైక్రాన్లుగా మూడు రకాలు చేశారు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, ఉన్నవారికి.) కొన్నిటిలో రెండు భాగాలను లేజరుతో అతికి కదలకుండా చేశారు, కొన్నిటిని మామూలుగా స్క్రూతో వదిలారు. వెడల్పు పెద్ద తేడా చేయలేదు. కదిలే వాటి దగ్గర, సందు 10 మైక్రాన్లకు లోపే ఉన్నా, ఎముక స్పష్టంగా తరిగింది.

ఇది చిన్న విషయం కాదు. అంతవరకు "బాగా తోముకోలేదు, అందుకే ఎముక పోయింది" అని రోగిని మందలించడమే తెలిసిన లోకానికి, వస్తువు నిర్మాణం కూడా ఒక ముద్దాయి అని తేలింది.

ఇక ప్లాట్‌ఫాం మార్పిడి కథ. 1991లో అమెరికాలో ఒక కంపెనీ 5, 6 మిల్లీమీటర్ల వెడల్పు గల లావు ఇంప్లాంట్లను మార్కెటులోకి తెచ్చింది. వాటికి సరిపడే లావు అబట్‌మెంట్లు అప్పటికి తయారు కాలేదు. స్టోర్సులో ఇండెంటుకు సరుకు రాక ఉన్నదానితో సర్దుకున్నట్లు, వైద్యులు 4.1 మిల్లీమీటర్ల మామూలు అబట్‌మెంట్లనే వాటి మీద బిగించారు. 5 మిల్లీమీటర్ల వాటిలో చుట్టూ అంచు 0.45 మిల్లీమీటరు చొప్పున, 6 మిల్లీమీటర్ల వాటిలో ఇంకా ఎక్కువ ఖాళీగా, మెట్టులా మిగిలిపోయింది. ఏళ్ళ తరువాత ఎక్స్‌రేలు తిరగేస్తే, వీటి చుట్టూ ఎముక అనుకున్నంత తరగలేదు. 2006లో లజారా, పోర్టర్ ఈ సంగతిని కారణాలతో సహా ప్రచురించారు. అతుకు వేరు అంచున కాకుండా లోపలికి జరిగింది గనుక, అక్కడి శోథ ఎముకకు అర మిల్లీమీటరు దూరమైంది. చిగురుకు కావలసిన వాటా నిలువునా తీసుకోకుండా కొంత అడ్డంగా, ఆ మెట్టు మీద దొరికింది. 2010లో ఇటలీలో కనుల్లో బృందం ఆ మెట్టు వెడల్పును మార్చి మార్చి పరీక్షిస్తే, మెట్టు పెరిగినకొద్దీ ఎముక నష్టం తగ్గింది. ఇప్పుడు వచ్చే ఇంప్లాంట్లలో చాలావాటికి ఈ మెట్టు ఉద్దేశపూర్వకంగానే ఉంటుంది. సరుకు కొరత వల్ల ఒక శాస్త్రం ముందుకు నడవడం నా ముప్పై ఆరేళ్ళ సర్వీసులో చూడలేదు.

దీనితో పాటే అతుకు ఆకారమూ మారింది. పలకల మొలక నెత్తిన ఉండే పద్ధతి తగ్గి, గొడ్డలి కంతలో కామ బిగిసినట్లు, కోసుగా ఉన్న స్తంభం వేరు కడుపులోకి దిగి రాపిడితో బిగుసుకునే పద్ధతి వచ్చింది. 2007లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన జిప్‌రిచ్ బృందం ఇంప్లాంట్ల మీద నమిలే బలం వంటిది వేసి, ఎక్స్‌రే సినిమా తీసింది. బల్లపరుపు అతుకులు బలం పడినప్పుడు నోరు తెరవడం, వదలగానే మూయడం కంటికి కనబడింది. అంటే ప్రతి ముద్దకూ ఒక పంపు పనిచేసినట్లు. బిగువైన కోసు అతుకులలో అలా నోరు తెరుచుకోలేదు. కోసు అతుకు కూడా సూక్ష్మజీవులకు పూర్తిగా తలుపు మూయదు గాని, కదలిక చాలా తగ్గిస్తుంది. స్వీడన్‌లో స్టిగ్ హాన్సన్ అనే ఇంజనీరు 1999లో మెడ భాగాన్ని నున్నగా వదలకుండా సన్నని మరలు చెక్కితే ఎముక మీద ఒత్తిడి సర్దుకుంటుందని లెక్కకట్టి చూపాడు. వాడని కండ పలచబడినట్లే, బలం పడని ఎముకా పలచబడుతుంది. నున్నని మెడ పక్కనున్న ఎముకకు పని దొరకదు. అందుకే ఇప్పటి చాలా ఇంప్లాంట్లకు మెడ వరకూ గరుకుదనం, సన్న మరలు ఉంటాయి.

ఇంతవరకు చదివి, మంచి డిజైను కొనుక్కుంటే చాలునని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కంపెనీలవారి రంగురంగుల కరపత్రాలు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. లిథువేనియాకు చెందిన లింకెవిచియస్ 2009, 2010 సంవత్సరాలలో చూపినదేమంటే, చిగురు మందం రెండు మిల్లీమీటర్ల కన్న తక్కువ ఉన్నవారిలో, మెట్టు ఉన్న ఇంప్లాంటు వేసినా ఎముక తరుగుతుంది. తొడుగును సిమెంటుతో అతికించినప్పుడు మిగులు సిమెంటు చిగురు కింద చిక్కుకుపోతే అదే శోథకు కారణమని 2009లో విల్సన్ చూపించాడు. తొడుగు మెడ దగ్గర ఒక్కసారిగా ఉబ్బెత్తుగా బయటికి వస్తే శుభ్రం చేసే వీలుండదు. అక్కడి కోణం 30 డిగ్రీలు మించినచోట వ్యాధి ఎక్కువ కనబడిందని 2018లో వచ్చిన పరిశీలన. అబట్‌మెంటును మాటిమాటికీ విప్పి బిగించడం కూడా మంచిది కాదు. 1997లో అబ్రహామ్‌సన్ కుక్కలలో అలా చేసి చూస్తే చిగురు అతుకు తెగి తెగి ఎముక దిగింది.

2017 నవంబరులో షికాగోలో అంతర్జాతీయ నిపుణులు సమావేశమై, ఇంప్లాంటు చుట్టూ వచ్చే వ్యాధికి నిర్వచనం వ్రాశారు. అది 2018లో ప్రచురితమైంది. గట్టి ఆధారాలున్న కారణాలుగా వారు చెప్పినవి మూడు: పూర్వం చిగుళ్ళ వ్యాధితో పళ్ళు పోగొట్టుకుని ఉండడం, పాచి సరిగా తీసుకోకపోవడం, క్రమంగా పరీక్షకు వెళ్ళకపోవడం. పొగ, మధుమేహాల గురించి ఆధారాలు అప్పటికి తేల్చి చెప్పేంత లేవన్నారు. దీనిని మిత్రులు బీడీకి మంజూరు ఉత్తర్వుగా భావించరాదు. పొగత్రాగేవారిలో ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమవుతాయని వేరే అధ్యయనాలు ఉన్నాయి. నా అభిప్రాయం ఏమంటే, మొదటి ఏడాదిలో పోయే ఆ మిల్లీమీటరులో వస్తువు నిర్మాణం పాలు ఎక్కువ. తరువాత పదేళ్ళలో పోయేదానిలో మనిషి పాలు ఎక్కువ. మొదటిది ఎక్కువ పోతే రెండవదానికి తోవ తెరుచుకుంటుంది. కనుక రెండింటిని విడదీసి ఎవరో ఒకరి మీద నెపం వేయడం న్యాయం కాదు.

ఈ లోహం మనకు పరాయిది కాదు. మా బొంగులూరు నుంచి సాగర్ రోడ్డు పట్టి నగరంలోకి వెళితే, కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ ఉన్నది. మనమందరం మిధాని అంటాము. రక్షణ, అంతరిక్ష అవసరాలకు టైటానియం మిశ్రమాలు చేసే ఆ సంస్థ శరీరంలో అమర్చే రకం టైటానియం కూడా చేస్తుంది. పక్కనే ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల వారి పరిజ్ఞానంతోనే కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పాంజి కర్మాగారం మొదలైంది. ఇక అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉస్మానియా వైద్య కళాశాల విభాగంగా 1959లో మొదలైనది. మనలో చాలామంది మొదటి పన్ను పీకించుకున్నది అక్కడే.

మరొక స్థానిక మాట. మనకు తూర్పున నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీళ్ళు ఎముకలకు చేసిన కీడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దీఖీ గారి వ్యాసంగా అచ్చయింది. ఫ్లోరైడు పేరు వింటేనే మనకు భయం. మామూలు టూత్‌పేస్టులోని ఫ్లోరైడుతో టైటానియంకు చిక్కు లేదు. ఆసుపత్రిలో పూసే ఆమ్లగుణం గల ఫ్లోరైడు జెల్ మాత్రం టైటానియం పైపొరను తినగలదు. ఇంప్లాంటు ఉన్నవారు ఆ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పాలి.

మన జిల్లాకే చెందిన ఒక మిత్రుని అనుభవం చెప్పి ముగిస్తాను. పదవీ విరమణ సొమ్ములోంచి ఆయన రెండు ఇంప్లాంట్లు వేయించుకున్నారు. ఆరేళ్ళు బాగున్నాయి. ఏడవ ఏట ఒకటి ఊగసాగింది. వేరు గట్టిగానే ఉంది, లోపలి స్క్రూ వదులైంది. వేసిన క్లినిక్కు మూతపడింది. కొత్త డాక్టరు మొదటి ప్రశ్న: "ఏ కంపెనీది?" మిత్రుని దగ్గర డబ్బు కట్టిన రసీదు తప్ప ఏమీ లేదు. అందులో "డెంటల్ వర్క్" అని వ్రాసి ఉన్నది. ఎక్స్‌రేలో ఆకారం చూసి అంచనా వేసి, దానికి సరిపోతుందని బజారులో అమ్మే నకలు స్క్రూ, అబట్‌మెంటు తెప్పించి బిగించారు. నాలుగు నెలలకు మళ్ళీ వదులు. ఈ లోపల ఎముక మెడ నుంచి మూడవ మర దాకా దిగింది. అసలు భాగాలకూ ఇతరులు చేసిన భాగాలకూ కొలతలలో సన్నని తేడాలు ఉంటాయనీ, వాటివల్ల అతుకు కదలిక పెరుగుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. కంటికి రెండూ ఒకటే. మైక్రాన్లలో కావు.

ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉన్నట్లే ఇంప్లాంటుకూ ఒకటి ఉండాలి. కంపెనీ, మోడలు, వెడల్పు, పొడవు, లాట్ నంబరు, అబట్‌మెంటు నంబరు, తొడుగు స్క్రూతో బిగించారా సిమెంటుతో అతికించారా, ఎంత బలంతో బిగించారు (సాధారణంగా 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు), పన్ను బిగించిన రోజు తీసిన ఎక్స్‌రే. తరువాత ప్రతి ఎక్స్‌రేనూ ఆ మొదటిదాని పక్కన పెట్టి, ఎముక ఎన్నవ మర దగ్గర ఉందో చూడమని అడగాలి. అంకె లేకుండా "బాగానే ఉంది" అంటే ఒప్పుకోరాదు.

వీటిలో చాలా వివరాలు ఇంప్లాంటు వచ్చే డబ్బాలోనే, ఊడదీసి అతికించుకునే చీటీల మీద అచ్చువేసి ఉంటాయి. ఒకటి ఆసుపత్రి ఫైలుకు, ఒకటి రోగికి. అడగనివారికి అది చెత్తబుట్టలోకి పోతుంది. మా ఇంటావిడకు 2019లో వేయించినప్పుడు అడిగితే డాక్టరమ్మ నవ్వి, "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అని రెండూ ఇచ్చింది. అవి మా ఇంట్లో, మొదటి ఎక్స్‌రేతో సహా, పింఛను పేమెంటు ఆర్డరు ఉన్న కవరులోనే ఉన్నాయి.